పసిబిడ్డకు ఈత ఎప్పుడు నేర్పించాలి? అంతకంటే ముందు ఏం చేయాలి?



ఈ పుస్తకం మీ చేతిలో ఉందంటే మీరు బహుశా ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంటారు. మీ ఇంటి మనిషి ఒకరు లోపల డాక్టరు గారి దగ్గరో, డయాలసిస్ మంచం మీదో ఉండి ఉంటారు. పేరు పిలిచేదాకా మీకు కొంత సమయం ఉంది. ఈ లోపల ఒక్క విషయం ఆలోచించండి. ఇంటి దగ్గర మీ చంటిబిడ్డ ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాడు? ఆ మనిషి చేతిలో ఇంకేం పని ఉంది? వాకిట్లో నీళ్ల డ్రమ్ముకు మూత ఉందా?

ఈ పాఠం పసిపిల్లలు, ఈత, నీటి ప్రమాదాల గురించి. చాలా మంది తల్లిదండ్రులు రెండు రకాలుగా అడుగుతుంటారు. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో కాపురం ఉన్నవారు, "బాబుకి ఏడాది నిండింది. ఈత క్లాసులో చేర్పించవచ్చా?" అంటారు. వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి వైపు తీరం ఊళ్లవారు, "మాది సముద్రం ఒడ్డు. పిల్లలకు ఎంత చిన్నప్పుడు ఈత నేర్పితే అంత మంచిది కదా?" అంటారు. రెండూ మంచి ప్రశ్నలే. బిడ్డ క్షేమం కోరి అడిగేవే.

జవాబు ముందే చెప్పేస్తాము. పసిబిడ్డను నీటి నుంచి కాపాడేది ఈత కాదు, పెద్దవాళ్ల కన్ను. ఈత ఆ తరువాత వచ్చే రెండో రక్షణ. అది ఎప్పుడు నేర్పాలో, ఎలాంటి చోట నేర్పాలో, నేర్పే లోపల ఇంట్లో ఏం చేయాలో ఇప్పుడు వరుసగా తెలుసుకుందాం.

చప్పుడు లేని ప్రమాదం

నీళ్లలో పడిన మనిషి కేకలు పెడతాడని, చేతులు కొట్టుకుంటాడని మనం అనుకుంటాము. సినిమాల్లో అలాగే చూపిస్తారు. చంటిబిడ్డ విషయంలో అలా జరగదు. ఊపిరి అందనివాడికి అరవడానికి గొంతు రాదు. పక్క గదిలో ఉన్నవారికి కూడా వినపడకుండా ఒకటి రెండు నిమిషాల్లో అంతా అయిపోతుంది. నాలుగైదు నిమిషాలు ఊపిరి ఆగితే మెదడు దెబ్బ తినడం మొదలవుతుంది.

ఇంకో మాట. బిడ్డ మునగడానికి లోతు నీళ్లు అక్కర్లేదు. ఏడాది, రెండేళ్ల పిల్లల తల ఒంటితో పోలిస్తే బరువుగా ఉంటుంది. బకెట్టు అంచు పట్టుకుని లోపలికి తొంగి చూస్తే తల ముందుకు వాలిపోతుంది. కాళ్లు పైకి లేస్తాయి. తిరిగి లేవడానికి చేతుల్లో బలం చాలదు. ముక్కు, నోరు మునిగేటన్ని నీళ్లు ఉంటే చాలు. అంటే బకెట్టులో అడుగున మిగిలిపోయిన నీళ్లు కూడా ప్రమాదమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు మంది 5 ఏళ్లలోపు పిల్లలు. మన దేశంలో జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో 2022 ఒక్క సంవత్సరంలోనే 38 వేలకు పైగా నీట మునిగిన మరణాలు నమోదయ్యాయి. జ్వరానికి, విరేచనాలకు భయపడినంతగా మనం దీనికి భయపడము. కానీ ఆరోగ్యంగా ఆడుకుంటున్న బిడ్డను ఇది నిమిషాల్లో తీసుకుపోతుంది.

వయసును బట్టి జవాబు

*ఏడాది లోపు:* ఈత క్లాసు అవసరం లేదు. ఆరు నెలల బిడ్డను నీళ్లలో వదిలితే వెల్లకిలా తిరిగి తేలుతున్నట్టు చూపించే వీడియోలు మీ ఫోనుకు కూడా వచ్చి ఉంటాయి. పుట్టిన కొత్తలో బిడ్డను నీళ్లలో ఉంచితే కాళ్లు చేతులు కదిలిస్తాడు. అది ఈత కాదు, పుట్టుకతో వచ్చిన కదలిక మాత్రమే. కొన్ని నెలల్లో పోతుంది. ఈ వయసులో ఇచ్చే శిక్షణ వలన మునిగిపోయే ప్రమాదం తగ్గుతుందనడానికి రుజువు లేదు. పైగా చిన్న బిడ్డ ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. పదే పదే ముంచితే నీళ్లు ఎక్కువగా మింగుతాడు. అలా మింగితే రక్తంలో ఉప్పు శాతం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు. తల్లి ఎత్తుకుని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఆడిస్తే తప్పు లేదు. అది ఆటే కాని రక్షణ కాదని గుర్తుంచుకోవాలి.

*ఒకటి నుంచి నాలుగేళ్లు:* ఇక్కడ డాక్టర్ల అభిప్రాయం కాలక్రమంలో మారింది. అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం 2000 సంవత్సరంలో నాలుగేళ్లు నిండేదాకా పిల్లలు ఈత పాఠాలకు సిద్ధంగా ఉండరని చెప్పేది. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఈ వయసులో ఈత పాఠాలు నేర్చుకున్న పిల్లలు మునిగిపోవడం తక్కువగా కనిపించింది. దాంతో 2010లో ఆ సంఘం తన సలహా మార్చుకుంది. 2019లో, ఏడాది నిండిన తరువాత చాలా మంది పిల్లలకు ఈత పాఠాలు ఉపయోగపడవచ్చని చెప్పింది. అయితే ఆ సలహాలోనే ఇంకో మాట కూడా ఉంది. ఈత నేర్చుకున్న బిడ్డను కూడా నీళ్ల దగ్గర ఒంటరిగా వదలకూడదు. చుట్టూ కంచె, పెద్దల కాపలా, ఆ తరువాతే ఈత. అందుచేత మీకు మంచి క్లాసు అందుబాటులో ఉంటే చేర్పించవచ్చు. లేకపోతే బిడ్డకు అన్యాయం చేశామని బాధపడనక్కర్లేదు. మిగతా రక్షణలు మీ చేతిలోనే ఉన్నాయి.

*నాలుగు నుంచి ఆరేళ్లు:* చెప్పిన మాట విని, వరుస తప్పకుండా నేర్చుకునే వయసు ఇప్పుడు వస్తుంది. మంచి గురువు దొరికితే మొదలుపెట్టవచ్చు.

*ఆరేళ్లు దాటాక:* ప్రతి బిడ్డకు, ఆడపిల్ల అయినా మగపిల్లవాడు అయినా, ఈత నేర్పించాలి. బడి ఈడు పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతున్నది. మన ఊళ్లలో మగపిల్లలు చెరువులో ఎలాగో నేర్చుకుంటారు, ఆడపిల్లలను గట్టు మీదే ఉంచుతాము. నీళ్లకు, బట్టలకు చెరువుకు వెళ్లేది ఎక్కువగా ఆడపిల్లలే కదా!

క్లాసులో చేర్పించే ముందు అడగవలసినవి

పలాస నుంచి విశాఖపట్నం దాదాపు 200 కిలోమీటర్లు. పసిపిల్లల ఈత క్లాసు కోసం ఇక్కడి నుంచి వారం వారం అంత దూరం వెళ్లమని ఎవరమూ చెప్పము. కాని మీ కొడుకు, కోడలు నగరంలో ఉండవచ్చు. లేదా వేసవి సెలవులకు మనవలను అక్కడికి పంపుతూ ఉండవచ్చు. క్లాసుకు డబ్బు కట్టే ముందు ఒకరోజు వెళ్లి ఊరికే కూర్చుని చూడండి. ఈ విషయాలు గమనించండి, మొహమాటపడకుండా అడగండి.

1. నేర్పేవారు చిన్నపిల్లలకు నేర్పడంలో శిక్షణ పొందారా? ఊపిరి ఆగిన బిడ్డకు ప్రథమ చికిత్స చేయడం వారికి వచ్చా? బాగా ఈదగలగడం వేరు, పసిబిడ్డకు నేర్పడం వేరు.

2. మూడేళ్ల లోపు పిల్లలతో తల్లినో తండ్రినో నీళ్లలోకి రానిస్తారా? రానివ్వాలి. బిడ్డ ఎప్పుడూ ఒక పెద్ద మనిషి చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. "మీరు బయట కూర్చోండి, మేము చూసుకుంటాము" అంటే ఇంకో చోటు వెతుక్కోండి.

3. ఒక్క గురువు ఎంతమంది పిల్లలను చూస్తున్నాడు? ఒకరికి నేర్పుతుండగా మిగతా పిల్లలు ఎక్కడ ఉన్నారు, వారిని ఎవరు చూస్తున్నారు?

4. ఏడుస్తున్న బిడ్డను బలవంతంగా ముంచుతున్నారా? నీళ్లలోకి విసురుతున్నారా? అలా చేసే చోట చేర్పించకండి. భయంతో బిడ్డ నేర్చుకునేది భయమే.

5. కొలనులో నీళ్లు అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయా? క్లోరిన్ వేస్తున్నారా? బిడ్డకు సరిపడేంత వెచ్చగా ఉన్నాయా? పెదవులు నీలంగా మారినా, వణుకు వచ్చినా వెంటనే బయటికి తీసి తుడవాలి. చిన్నపిల్లలకు ఒకసారికి అరగంట చాలు.

6. కొలను చుట్టూ కంచె, తాళం వేసే గేటు ఉన్నాయా? క్లాసు లేని వేళ బిడ్డ ఒంటరిగా లోపలికి వెళ్లగలిగితే అది మంచి చోటు కాదు.

7. ముందుగా ఏం నేర్పుతారు? చేతులు ఎలా వేయాలన్నది తరువాత సంగతి. నీళ్లలో పడితే వెల్లకిలా తిరిగి తేలడం, ఊపిరి తీసుకోవడం, గట్టువైపు తిరిగి అంచు పట్టుకోవడం, పైకి ఎక్కడం ముందు రావాలి. పెద్దవారు రమ్మనేదాకా నీళ్లలో దిగకుండా ఆగడం కూడా పాఠంలో భాగమే.

బిడ్డకు విరేచనాలు, జ్వరం, చెవిలో చీము, ఒంటి మీద పుండ్లు ఉన్నప్పుడు నీళ్లలో దించకండి. గుండె జబ్బు, ఆయాసం, ఫిట్స్ ఉన్న పిల్లలను డాక్టరుకు చూపించి అడిగిన తరువాతే చేర్పించాలి. ఫిట్స్ వచ్చే బిడ్డకు ఇంట్లో స్నానం చేయించేటప్పుడు కూడా పక్కనుంచి కదలకూడదు.

చేతులకు తొడిగే గాలి సంచులు, నడుముకు పెట్టే గాలి చక్రాలు ఆట వస్తువులు. గాలి పోవచ్చు, జారిపోవచ్చు. వాటిని నమ్ముకుని బిడ్డ మీద నుంచి కన్ను తీయకండి.

"మావాడికి ఈత వచ్చేసింది" అన్న ధైర్యం తల్లిదండ్రులకు వచ్చిన రోజునే అసలు ప్రమాదం మొదలవుతుంది. రెండేళ్లవాడికి క్లాసులో, తెలిసిన కొలనులో వచ్చిన విద్య, బట్టలతో పాటు చెరువులో పడినప్పుడు గుర్తుకు వస్తుందని నమ్మకం లేదు.

మన ఊరి నీళ్లు: చెరువు, నుయ్యి, సముద్రం

మన పెద్దలు చెరువులోనే ఈత నేర్చుకున్నారు. నడుముకు ఎండిన సొరబుర్రలు కట్టుకుని, అరటి బోదె పట్టుకుని నేర్చుకున్నవారు ఇప్పటికీ ఊరూరా ఉన్నారు. అది మంచి విద్యే. దాన్ని బడి ఈడు పిల్లలకు నేర్పండి. అయితే కొన్ని కట్టుబాట్లు ఉండాలి. నేర్పేవాడు పెద్దవాడై ఉండాలి, బాగా ఈత వచ్చి ఉండాలి. అడుగున ఊబి, గాజు పెంకులు, నాచు లేని, లోతు తెలిసిన చోటే దించాలి. గట్టు మీద ఇంకొక మనిషి తాడుతోనో పొడుగాటి వెదురు గడతోనో కాపలా ఉండాలి. "నీళ్లలో పడేస్తే అదే వస్తుంది" అనే పద్ధతి మానుకోవాలి. అలా పడేసి నేర్పగా బతికినవాళ్లే ఆ కథ చెబుతారు. బతకనివాళ్లు చెప్పలేరు.

రెండు మూడేళ్ల బిడ్డను మాత్రం చెరువులో, బందలో, గెడ్డలో ఈతకు దించకండి. పశువులను కడిగే నీళ్లు మింగితే విరేచనాలు, కామెర్లు కూడా రావచ్చు.

సముద్రం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బారువలో పుణ్యస్నానాలకు, అక్కుపల్లి శివసాగర్ బీచ్‌కు, భావనపాడుకు, కార్తీకమాసంలో వనభోజనాలకు కుటుంబాలతో వెళుతుంటాము. సముద్రం ఈత నేర్చుకునే చోటు కాదు. ఒడ్డుకు వచ్చిన కెరటం వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. కొన్నిచోట్ల నీరు పాయగా లోపలికి లాగుతుంది. ఆ లాగుడుకు ఈత బాగా వచ్చిన యువకులు కూడా కొట్టుకుపోతారు. చంటిబిడ్డను ఎత్తుకుని కెరటాల్లోకి దిగకండి. బిడ్డ తడి ఇసుకలో ఆడుకుంటుంటే మీరు బిడ్డకూ సముద్రానికీ మధ్యన నిలబడండి. మహేంద్రతనయ సముద్రంలో కలిసే బారువ వంటి చోట్ల ప్రవాహం ఎటు ఉంటుందో కంటికి తెలియదు. అక్కడ ఇంకా జాగ్రత్త.

మత్స్యకార కుటుంబాలవారు, "గంగపుత్రుల బిడ్డకు ఈత నేర్పాలా?" అంటారు. నేర్పాలి. తండ్రికి వచ్చిన ఈత బిడ్డకు రక్తంలో రాదు. తండ్రి వేటకు వెళ్లినప్పుడు ఒడ్డున ఉన్న రెండేళ్లవాడు అందరి పిల్లల్లాంటివాడే.

ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి

ఉద్దానంలో నీటిని దాచుకోవడం అలవాటు. ఎన్నో ఏళ్లుగా కిడ్నీ జబ్బు భయంతో తాగే నీళ్లను క్యాన్లలో, డ్రమ్ముల్లో తెచ్చిపెట్టుకుంటున్నాము. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి నీరిచ్చే పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. కుళాయి వచ్చినా, వచ్చిన వేళ పట్టి పెట్టుకోక తప్పదు. కాబట్టి మన వాకిళ్లలో నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. ఇంటికి వెళ్లగానే, బిడ్డ ఎత్తుకు వంగి ఈ చోట్లు చూడండి:

- స్నానాల బకెట్లు, టబ్బులు: పని కాగానే నీళ్లు పారబోసి బోర్లించండి.
- డ్రమ్ములు, సిమెంటు గోలేలు, సంపు: బిడ్డ తీయలేని గట్టి మూత ఉండాలి. గోనెపట్టా కప్పితే అది మూత కాదు. బిడ్డ దాని మీద ఎక్కితే లోపలికే పోతాడు.
- పశువుల కుడితి తొట్టి: చుట్టూ దడి కట్టండి, లేదా నీళ్లు పెట్టిన వేళ తప్ప ఖాళీగా ఉంచండి.
- నేలబావులు, తోటల్లో నీళ్లు తోడే నూతులు: నడుమెత్తు గోడ, పైన ఇనుప వల ఉండాలి. వాడని నూతిని పూడ్చండి.
- ఇంటి పునాదులకు, ఇసుకకు తవ్విన గుంతలు: వాన పడగానే అవి చెరువులే.
- ఇంటి వాకిలి: వెదురుతోనో చెక్కతోనో బిడ్డ దాటలేని చిన్న తలుపు పెట్టించండి. ఖర్చు తక్కువ. చెరువుకు కంచె వేయలేకపోయినా మన గుమ్మానికి వేయగలం.

తుపాను రోజులు మరీ జాగ్రత్త. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరాన్ని తాకినప్పుడు కొబ్బరి, జీడి తోటలు ఎలా కూలిపోయాయో మీకు తెలుసు. చెట్టు వేళ్లతో సహా లేచిపోయిన చోట గుంత పడుతుంది, నీళ్లు నిలుస్తాయి. నిన్నటిదాకా ఆడుకున్న చోటే కదా అని బిడ్డ అటే పరుగెడతాడు. గాలి తగ్గాక పెద్దవాళ్లు ముందు తోట తిరిగి చూసి, ఆ తరువాతే పిల్లలను బయటికి పంపాలి.

ఆసుపత్రికి వచ్చే రోజు బిడ్డను ఎవరు చూస్తారు?

ఇది మీకోసమే రాస్తున్నాము. ఒక ఇంటిని ఊహించుకోండి. తాతకు వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు. కొడుకు ఆయన్ని ఆటోలో తీసుకువస్తాడు. కోడలు కాశీబుగ్గలో జీడిపప్పు పనికి వెళ్తుంది. ఇంట్లో నాన్నమ్మ, ఏడాదిన్నర మనవడు. పొయ్యి మీద అన్నం ఉంది. గేదె అరుస్తోంది. నాన్నమ్మ అన్నం వార్చి వచ్చేసరికి రెండు నిమిషాలు. వాకిట్లో మనవడు లేడు. గోలెం దగ్గర చిన్న చెప్పు ఒకటి పడి ఉంది.

ఇలాంటిది జరిగితే ఊరంతా, "ముసలామె చూసుకోలేదు" అంటారు. దయచేసి అలా అనకండి. ఆమె చేతిలో వంట, పశువు, బిడ్డ మూడూ పెట్టినది మనమే. తప్పు ఆమె కన్నుది కాదు, ఒక్క మనిషికి మూడు పనులు ఒప్పజెప్పిన మన ఏర్పాటుది.

కాబట్టి ఆసుపత్రి రోజు ముందు రాత్రే మాట్లాడుకోండి. "రేపు పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా బాబును చూసేది ఫలానా మనిషి" అని పేరు పెట్టి చెప్పండి. "అందరం చూస్తాము" అంటే ఎవరూ చూడరు. ఆ మనిషికి ఆ పూట వేరే పని పెట్టకండి. అన్నం ముందే వండిపెట్టండి. ఆమెకు బాత్రూముకు వెళ్లాలన్నా బిడ్డను ఇంకొకరి చేతికి ఇచ్చి, "నువ్వు చూడు" అని నోటితో చెప్పి వెళ్లాలి. ఏడెనిమిదేళ్ల అక్కకు తమ్ముడిని అప్పగించడం కాపలా కాదు. ఆ పిల్ల కూడా పిల్లే. చూసేవాళ్లు ఫోను చూస్తూ కూర్చున్నా, మద్యం తాగి ఉన్నా అది కాపలా కాదు.

పొరుగు తీరం నేర్పిన పాఠం

మన బంగాళాఖాతం ఒడ్డునే ఉన్న బంగ్లాదేశ్‌లో ప్రతి ఇంటి వెనుకా చెరువులే. అక్కడ చంటిపిల్లలు ఎక్కువగా పొద్దున్న వేళ, తల్లులు ఇంటి పనిలో ఉన్నప్పుడు మునిగిపోతున్నారని గమనించారు. దానికి వాళ్లు పెద్ద యంత్రాలేవీ తేలేదు. ఊళ్లోనే ఒక ఇంటిని తీసుకుని, శిక్షణ ఇచ్చిన ఒక మహిళను పెట్టి, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు పిల్లలను పొద్దున్న 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా అక్కడ ఉంచారు. దాన్ని 'ఆంచల్' అన్నారు, అంటే తల్లి కొంగు. ఆ కేంద్రాలకు వచ్చిన పిల్లల్లో మునిగి చనిపోవడం 80 శాతానికి పైగా తగ్గిందని 2012లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. కాస్త పెద్ద పిల్లలకు ఊరి చెరువులోనే వెదురుతో దడి, మెట్లు కట్టి ఈత నేర్పారు. 25 మీటర్లు ఈదడం, 30 సెకన్లు తేలుతూ ఉండడం వస్తే పాఠం పూర్తయినట్టు.

మనకు అంగన్‌వాడీ ఉంది. మూడేళ్లు నిండిన బిడ్డను ప్రతిరోజూ పంపండి. గుడ్డు, పాలు, ఆటపాటలతో పాటు, ఆ గంటల్లో బిడ్డ నీళ్లకు దూరంగా ఉంటాడు. మూడేళ్ల లోపు పిల్లల కోసం మీ వీధిలో నలుగురు తల్లులు వంతులు వేసుకోండి. ఒకరోజు ఒకరు నలుగురి పిల్లలనూ చూస్తే మిగతా ముగ్గురూ నిశ్చింతగా పనికి వెళ్లవచ్చు. మీ పొదుపు సంఘం సమావేశంలో ఈ మాట ఎత్తండి. మీ చెరువు గట్టుకు దడి కట్టడం గురించి పంచాయతీలో అడగండి.

ప్రమాదం జరిగితే

బిడ్డ కనిపించకపోతే మంచం కింద, పక్కింట్లో వెతకవద్దు. ముందు నీళ్ల దగ్గర చూడండి. డ్రమ్ము, నుయ్యి, చెరువు. తరువాతే మిగతా చోట్లు.

ఈత రానివారు కాపాడడానికి నీళ్లలో దూకకండి. ఒకరి కోసం ఇద్దరు ముగ్గురు పోతున్నారు. గడ, చీర, తాడు అందించండి. ఖాళీ క్యాను విసరండి. కేకలు వేసి మనుషులను పిలవండి.

బయటికి తీసిన బిడ్డ మామూలుగా ఊపిరి తీయకపోతే:

1. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఇంకొకరిని 108కు ఫోను చేయమనండి. మీరు ఒక్కరే ఉంటే, ఫోను దగ్గరుంటే స్పీకరు పెట్టి చేస్తూనే పని మొదలుపెట్టండి. ఫోను లేకపోతే ముందు 2 నిమిషాలు కింద చెప్పినట్టు చేసి, ఆ తరువాత సహాయానికి వెళ్లండి.

2. నుదుటి మీద చెయ్యి వేసి గడ్డం కొద్దిగా పైకి ఎత్తండి. మీ నోటితో 2 సార్లు ఊపిరి ఊదండి. ఏడాది లోపు బిడ్డకు ముక్కు, నోరు కలిపి మీ నోటితో మూసి ఊదాలి. పెద్ద బిడ్డకు ముక్కు మూసి నోట్లో ఊదాలి. ఛాతీ పైకి లేస్తే చాలు, గట్టిగా ఊదకండి.

3. తరువాత ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కండి. ఏడాది దాటిన బిడ్డకు ఒక అరచేతి కింది భాగంతో నొక్కాలి. చంటిబిడ్డకు రెండు చేతులతో ఛాతీని చుట్టి పట్టుకుని రెండు బొటనవేళ్లతో, అలా కుదరకపోతే ఒక అరచేతి కింది భాగంతో నొక్కాలి. ఛాతీ మందంలో మూడో వంతు లోపలికి పోయేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కాలి.

4. మళ్లీ 2 ఊపిరులు, 30 నొక్కుళ్లు. బిడ్డ ఊపిరి తీసేదాకా లేదా 108 వచ్చేదాకా ఆపకండి.

నీట మునిగిన బిడ్డకు కావలసినది గాలి. అందుకే మొదట ఊపిరి ఇస్తాము. బిడ్డను తలకిందులుగా పట్టుకుని తిప్పకండి. కడుపు నొక్కి నీళ్లు కక్కించకండి. ఆ నిమిషాలు వృథా అవుతాయి. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒళ్లంతా ఉప్పులో కప్పితే ప్రాణం వస్తుందని ఫోన్లలో తిరిగే మాట అబద్ధం. అది నమ్మి కూర్చుంటే ఉన్న అవకాశం కూడా పోతుంది.

ఊపిరి వచ్చిన బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తడి బట్టలు తీసి పొడి బట్ట కప్పి, తప్పకుండా ఆసుపత్రికి తీసుకురండి. బాగానే ఆడుకుంటున్నాడు కదా అని ఇంట్లో ఉంచకండి. దగ్గు, ఆయాసం, వాంతులు, మత్తు కొన్ని గంటల తరువాత కూడా మొదలవవచ్చు.

ఈ ప్రథమ చికిత్స చదివితే రాదు, చేత్తో చేసి నేర్చుకోవాలి. నర్సమ్మ గారు తీరిగ్గా ఉన్నప్పుడు అడగండి. బొమ్మ మీదనో తలగడ మీదనో చేసి చూపిస్తారు.

ఇంటికి వెళ్లాక అందరూ కూర్చుని మాట్లాడుకోండి

- మన ఇంటికి 100 అడుగుల లోపల నీళ్లు నిలిచే చోట్లు ఎన్ని? వాటిలో మూత లేనివి ఏవి?
- పొద్దున్న 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా మన బిడ్డను చూసే మనిషి పేరేమిటి?
- వచ్చే ఆసుపత్రి రోజున ఆ మనిషికి తోడు ఎవరు?
- మన ఇంట్లో ఊపిరి ఇవ్వడం తెలిసినవారు ఎవరు?
- ఆరేళ్లు దాటి ఈత రాని పిల్లలు మన వీధిలో ఎంతమంది? వారికి నేర్పగల పెద్దవారు ఎవరు?

బిడ్డకు మంచి ఈత క్లాసు దొరికితే చేర్పించండి, సంతోషమే. అది దొరికేదాకా, దొరికిన తరువాత కూడా, డ్రమ్ముకు మూత, గుమ్మానికి తలుపు, పక్కన ఒక మనిషి ఉండాలి. వీటికి డబ్బు పెద్దగా అక్కర్లేదు.

మీ వంతు వచ్చేలోపల ఒక పని చేయండి. ఫోను ఉంటే ఇంటికి ఒకసారి ఫోను చేసి, "బాబు ఎక్కడున్నాడు? ఎవరు చూస్తున్నారు?" అని అడగండి. డ్రమ్ము మూత వేయమని చెప్పండి. అవతలి వారికి కోపం వచ్చినా ఫరవాలేదు. ఇంటికి వెళ్లేసరికి బిడ్డ ఎదురొచ్చి కాళ్లకు చుట్టుకుంటే అంతకంటే ఏం కావాలి?